హెడ్లీ వంతు

జనవరి ఆఖరి వారంలో ఒక బుధవారం పొద్దున రైతు ఆడ్లింగ్ ఫోన్ చేసేసరికి డెస్మండ్ పేసీ వంటింట్లో నిలబడి రొట్టె తింటున్నాడు. కూర్చుని తినడం మానేసి ఆరు నెలలైంది.

“తోపు పక్క ఆవచేను నలభై ఎకరాలూ పావురాల పాలైపోతోందయ్యా,” అన్నాడు ఆడ్లింగ్. “ఆకన్నది మిగల్చడం లేదు, కాడలే ఉన్నాయి. గ్యాసుతో పేలే గొట్టం పెట్టాను. అది ఢామ్మంటుంటే దాని మీదెక్కి కూర్చుంటున్నాయి దొంగముండలు. తుపాకి పట్టుకుని ఎప్పుడొస్తున్నావు?”

“స్క్రిమ్‌షా ఒప్పుకోవాలిగా.”

“వాడెవడు ఒప్పుకోవడానికి? చేను నాది. వాడి కోళ్ళ కోసం నా పంట తగలేసుకోనా?”

డెస్మండ్ సరేనన్నాడు. ఆ చేలో ఏం జరిగిందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

జూలైలో ఆ చేలో బఠాణీ కోసేశాక రాలిన గింజల కోసం పావురాలు దిగుతుంటే డెస్మండ్, హెడ్లీ లెవర్టన్ కలిసి వెళ్ళారు. ఇరవై రెండేళ్ళుగా కలిసే వెళ్ళేవారు. ఆ రోజు మాటులో కూర్చున్న చోటే హెడ్లీ గుండె ఆగిపోయింది. డాక్టర్లకీ, పోలీసులకీ, హెడ్లీ భార్య గ్లెనిస్‌కీ డెస్మండ్ ఒకటే చెప్పాడు: పదకొండున్నరకి నొప్పన్నాడు, నా చెయ్యి పట్టుకున్నాడు, క్షణంలో పోయాడు, బాధపడలేదు. చర్చిలో హెడ్లీ అక్క ఆ మాటే అందరికీ చెప్పింది. విన్నవాళ్ళు వచ్చి డెస్మండ్ భుజం తట్టి వెళ్ళారు.

అప్పటినుంచీ అతనికి దేనిమీదా ఏమీ అనిపించడం లేదు. పొద్దున స్కూలు బస్సు తోలేవాడు, సాయంత్రం మళ్ళీ తోలేవాడు. పంటి డాక్టరు మత్తుమందిచ్చాక చెంప గిల్లుకుంటే ఎలా ఉంటుందో మనిషంతా అలా ఉన్నాడు. చెంప తనదేనని తెలుస్తుంది, అంతవరకే.

స్క్రిమ్‌షా తోపుకి కాపలాదారు. వేసవిలో పిల్లలుగా తెచ్చిన ఫెజెంట్ అనే అడవికోళ్ళని మేపి పెంచుతాడు. చలికాలం శనివారాల్లో దొరలొచ్చి వాటిని కాలుస్తారు. అంతకుముందు రోజు తోపు దగ్గర తుపాకి పేలిందంటే కోళ్ళు బెదిరి పక్క ఎస్టేటులోకి పోతాయి. పంట పోతోందని రైతు, కోళ్ళు పోతున్నాయని కాపలాదారు, నడుమ పావురాలవాడు. ఇరవై రెండేళ్ళూ ఆ బేరం హెడ్లీయే మాట్లాడేవాడు. స్క్రిమ్‌షాని తిట్టి, తిట్టించుకుని, చివరికి ఓ రోజు సంపాదించుకొచ్చేవాడు. ఇప్పుడు డెస్మండ్ ఫోన్ చేశాడు. తిట్లు తిందామనే చేశాడు గాని స్క్రిమ్‌షా తిట్టలేదు.

“ఈ శనివారమే ఆఖరి వేట,” అన్నాడు. “రేపొక్కరోజు కూర్చో. ఒంటిగంటకల్లా లేచిపోవాలి. శుక్రవారం నీ నీడ కూడా కనిపించకూడదు. తోపుకి నూటేభై గజాలు ఇవతలే ఉండు.”

“అలాగే.”

“అంతేనా? అలాగేనా? హెడ్లీ అయితే ఈపాటికి నా తాతముత్తాతల్ని లేపేవాడు.”

“అలాగే,” అన్నాడు డెస్మండ్ మళ్ళీ.

బొమ్మ పావురాల్ని గాల్లో తిప్పి అసలువాటిని ఆకర్షించే తిరుగుడు యంత్రం హెడ్లీ షెడ్డులో ఉండిపోయింది. సాయంత్రం బస్సు పెట్టేసి దానికోసం వెళ్ళాడు. గ్లెనిస్ తలుపు తీసి, షెడ్డు తాళం చేతికిచ్చి, అతను యంత్రం మోసుకొచ్చేదాకా వాకిట్లోనే నిలబడింది. అరవై దాటిన మనిషి, పొట్టి, జుట్టు మగవాళ్ళలా కత్తిరించుకుంటుంది.

“ఏ చేలోకి?” అని అడిగింది.

చెప్పాడు.

“నేనూ వస్తాను.”

“చలి చంపేస్తుంది, గ్లెనిస్. నాలుగ్గంటలు కదలకుండా కూర్చోవాలి.”

“కూర్చోవడం నాకు రాదా? ఆర్నెల్లుగా చేస్తున్నది అదేగా. ఎన్నింటికి వస్తావు?”

“తొమ్మిదింటికి,” అన్నాడు. వద్దనడానికి కావలసిన ఓపిక అతనిలో లేదు.

మర్నాడు నైరుతి గాలి, మబ్బు. మంచు కరిగి మట్టి బూట్లకి అంటుకుంటోంది. వాళ్ళు చేలో అడుగు పెట్టగానే దూరాన నేలంతా ఒక్కసారి లేచినట్టు ఐదారువందల పావురాలు బూడిదరంగుగా లేచి తోపు మీదుగా పోయాయి. డెస్మండ్ కంచె మొక్కల వారన వల కట్టి మాటు వేశాడు. దానిముందు ముప్ఫై గజాల్లో దీమాలు పెట్టాడు. అంటే ప్లాస్టిక్ పావురాలే, కింద మేస్తున్నాయని నమ్మి పైనవి దిగాలని. గుర్రపు లాడంలా పేర్చి, ముక్కులన్నీ గాలికి ఎదురుగా తిప్పి, మధ్యలో నేల ఖాళీగా వదిలి, ఒక అంచున తిరుగుడు యంత్రం నాటాడు. గ్లెనిస్ సంచి పట్టుకుని వెనకే నడిచింది. ఒక దీమం ముక్కు పక్కకి ఉంటే వంగి సరిచేసింది.

“ఇన్నేళ్ళూ వీటిని హెడ్లీ కడుగుతుంటే చూడ్డమేగాని, నేలమీద చూడ్డం ఇదే,” అంది. “బాత్ టబ్బులో కడిగేవాడు. నేను తిడుతుంటే వాటి ముఖాలు అటు తిప్పేసేవాడు, వినపడకుండానట.”

మాటులో రెండు మడతకుర్చీలు వేశాడు. తుపాకి పేలితే చెవులు దిమ్మెక్కుతాయని ఆమెకి చెవిమూతలిచ్చాడు. పది దాటాక పావురాలు ఒకటీ రెండూగా తిరిగి రాసాగాయి. డెస్మండ్ లేచి కాల్చాడు, కూర్చున్నాడు, తూటాలు మార్చాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. పడిన పిట్టని చూసినా, తప్పిపోయినదాన్ని చూసినా లోపల ఒకేలా ఉంది. గ్లెనిస్ కదలకుండా కూర్చుంది. పడ్డప్పుడల్లా వేళ్ళమీద లెక్కపెడుతోంది. పన్నెండయ్యేసరికి పంతొమ్మిది.

అప్పుడు కంచె వెంబడే స్క్రిమ్‌షా వచ్చాడు. ఆరడుగుల పైమాట, ఎర్రటి ముక్కు, కుక్క వెనకాల.

“నూటేభై గజాలన్నాను!” అని దూరం నుంచే అరిచాడు. “ఇది నూటేభయ్యా? మీ ఊళ్ళో గజాలు కురచా? నావి ముప్ఫై కోళ్ళు ఇప్పుడే వాగు దాటి—”

వల పక్కకి జరిపి చూసి ఆగిపోయాడు. టోపీ తీశాడు.

“లెవర్టన్ గారూ. మీరున్నారని తెలీదు.”

“ఉన్నాను,” అంది గ్లెనిస్, చెవిమూతలు తీసి ఒళ్ళో పెట్టుకుంటూ. “నీ కోళ్ళకి కాళ్ళూ రెక్కలూ ఉన్నాయి గదా, స్క్రిమ్‌షా, పొద్దుగూకేసరికి తిండికి అవే వస్తాయి. ఎల్లుండి ఎలాగూ చంపేవేగా, నడక్కి పోతే ఏడుస్తావేం?”

స్క్రిమ్‌షా ముక్కు మరింత ఎర్రబడింది. “హెడ్లీ అచ్చం ఈ మాటే అనేవాడు.”

“నా దగ్గర నేర్చుకున్నాడు.”

అతను టోపీని చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. తర్వాత డెస్మండ్ వైపు చూసి, “ఒంటిగంట అన్నాను, ఒంటిగంటే. ఈలోగా మాత్రం తోపు వైపు కాల్చకు, చేలోకే కాల్చు,” అన్నాడు. కుక్కని పిలిచి వెళ్ళిపోయాడు. కొంతదూరం పోయేదాకా టోపీ పెట్టుకోలేదు.

గ్లెనిస్ డెస్మండ్ వైపు తిరిగింది.

“ఇదేనా చోటు?”

“ఇంకో ఇరవై గజాలు అటు. ఆ ముళ్ళపొద దగ్గర.”

ఆమె అటు చూసింది. అక్కడ చూడ్డానికేమీ లేదు. పొద, దాని కింద తడిమట్టి.

“నీ చెయ్యి పట్టుకున్నాడన్నావు,” అంది. “నలభై ఏళ్ళు కాపురం చేశాను, డెస్. మా అమ్మ పోయిన రోజున కూడా వాడు నా చెయ్యి పట్టుకోలేదు. జేబులో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నీ చెయ్యెందుకు పట్టుకుంటాడు?”

డెస్మండ్ తుపాకి గొట్టం వంచి తూటాలు తీసేశాడు. వాటిని జేబులో వేసుకున్నాడు. తర్వాత చెప్పాడు. చెప్పాలని అనుకోలేదు, అడిగింది గనక చెప్పాడు.

“పట్టుకోలేదు. మాటులో ఒకరి తర్వాత ఒకరు కాల్చేవాళ్ళం, పది పిట్టలకోసారి వంతు మారేది. నా వంతు నడుస్తోంది. వాడు చూస్తూ చెబుతున్నాడు. ‘ఎడంపక్క, ఎత్తున’ అన్నాడు. కొట్టాను. రెండూ పడ్డాయి. ‘చూశావట్రా’ అన్నాను. పలకలేదు. టోపీ కళ్ళమీదికి ఉంది. కునుకు తీస్తున్నాడనుకున్నాను.”

“ఊఁ.”

“నా పదీ అయిపోయాయి. వాడి వంతొచ్చింది. ‘పడుకోరా ముసలాడా, నీ వంతూ నేనే కొడతా’నని వాడివీ కొట్టాను. పావురాలు ఆగకుండా వస్తున్నాయి. ఆ ఏడాదంతా అంత బాగా కొట్టలేదు, గ్లెనిస్. ఒక్కటీ తప్పలేదు. వాడితో మాట్లాడుతూనే ఉన్నాను. టీ పోసి, తీసుకోమని మోకాలు తట్టాను. అప్పుడు తెలిసింది.”

“ఎంతసేపయింది అప్పటికి?”

“నలభై నిమిషాలు.”

ఒక పావురం దీమాల మీద చుట్టుకొట్టి, దిగబోయి, ఏదో అనుమానం వచ్చినట్టు పక్కకి తిరిగి పోయింది. ఇద్దరూ దాన్ని చూశారు.

“ఫోన్ మోగిందా?” అని అడిగింది గ్లెనిస్.

“ఏంటి?”

“వాడి ఫోన్. ఆ నలభై నిమిషాల్లో.”

డెస్మండ్ ఆలోచించాడు. “మోగింది. కోటు జేబులో. చాలాసేపు మోగింది. ‘తియ్యవేంరా, పిట్టలు బెదురుతున్నాయి’ అన్నాను.”

“‘ఎడంపక్క’ అన్న తర్వాతేనా మోగింది? ముందా? సరిగ్గా చెప్పు.”

“తర్వాతే. చాలా తర్వాత. వాడి వంతు నేను కొడుతున్నప్పుడు.”

“అది నేనే,” అంది. “పదకొండూ పదికి. పొద్దున పోట్లాడుకున్నాం. వల కొయ్యడానికి నా రొట్టెల కత్తి పట్టుకుపోయాడు. ఫోన్ చేస్తే తియ్యలేదు. తియ్యలేదని నోటికొచ్చినట్టు తిట్టి మెసేజీ పెట్టాను. నువ్వేమో పదకొండున్నరకి పోయాడన్నావు. అంటే పదకొండూ పదికి బతికే ఉన్నాడు, నా పేరు చూసి, జేబులో పెట్టేసుకున్నాడు అనుకున్నాను. ఆర్నెల్లు రోజూ అదే అనుకున్నాను, డెస్. కోపంగా పోయాడని.”

డెస్మండ్ ఆమె వైపు చూశాడు. తన అబద్ధం మెత్తగా ఉంటుందనే చెప్పాడు. అది ఆమె ఇంట్లో ఏం చేస్తూ కూర్చుందో ఒక్కరోజూ తలపుకి రాలేదు. ఇక్కడ తనకి సిగ్గు వెయ్యాలని అతనికి తెలుస్తోంది. ఎదురుచూశాడు. రాలేదు. వేళ్ళ చివర్లు మాత్రం చలికి సలుపుతున్నాయి.

“క్షమించు,” అన్నాడు.

“దేనికి? కాల్చినందుకా?”

“చెప్పినందుకు. చెయ్యి సంగతి.”

“నిన్ను తన్నాలి,” అంది గ్లెనిస్, గొంతు పెంచకుండానే. “కానీ ఇప్పుడు లేచే ఓపిక లేదు.” చెవిమూతలు మళ్ళీ తగిలించుకుంది. కాసేపటికి మోచేత్తో పొడిచింది. “అదుగో, నాలుగొస్తున్నాయి. వంతు ఎవరిదైతే ఏం, కొట్టు.”

అతను తూటాలు పెట్టి లేచాడు. ఒకటి పడింది, ఒకటి తప్పింది.

ఒంటిగంటకి ఐదు నిమిషాలు ముందే దీమాలు ఏరేశారు. పడిన పిట్టల్ని కంచె వెంట వెతికి సంచిలో వేశారు. ఇరవై ఆరు. తోపు చివర స్క్రిమ్‌షా గడియారం చూసుకుంటూ నిలబడి, వాళ్ళు బండెక్కడం చూసి చెయ్యెత్తాడు. గ్లెనిస్ కూడా ఎత్తింది.

ఇంటి దగ్గర దిగి ఆరు పిట్టలు తీసుకుంది. బండి తలుపు వేయబోయి ఆగింది.

“హెడ్లీ అక్కకి ఈ సంగతి చెప్పకు. ఆవిడకి ఆ చెయ్యి కథంటే ఇష్టం. వారానికోసారి నాకే చెబుతుంది. ఉండనీ.”

“సరే.”

“నాకు మాత్రం ఇంకెప్పుడూ ఏదీ మెత్తగా చెప్పకు.”

శనివారం ఆఖరి వేట జరిగింది. కోళ్ళు తక్కువేం కాలేదట. ఫిబ్రవరిలో స్క్రిమ్‌షా తోపు తెరిచాడు. సాయంత్రాలు చెట్లమీదికి చేరే పావురాల్ని కొట్టుకోమన్నాడు. డెస్మండ్ ఒక్కడే వెళ్ళాడు. గ్లెనిస్ మళ్ళీ రాలేదు, ఆ చలి ఒక్కసారికి చాలంది. ఆదివారాలు మాత్రం ఫోన్ చేసి, ఎన్ని కొట్టావని అడిగేది. అతను చెప్పేవాడు. ఆమె ఊఁ అని పెట్టేసేది.

మూడో ఆదివారం అతను, “ఒక్కటీ లేదు,” అన్నాడు.

“రాలేదా?”

“వచ్చాయి. బోలెడు. చెట్టుకి ఆనుకుని నిలబడ్డాను. తుపాకి ఎత్తబుద్ధి కాలేదు.”

“ఏడ్చావా?”

“లేదు.”

“నేనూ లేదు,” అంది గ్లెనిస్. “నిన్న ఫ్రిజ్‌లో అరలన్నీ ఊడదీసి కడిగాను. తిరిగి పెట్టడం రావడం లేదు. ఒక అర మిగిలిపోయింది.”

“ఏ అర?”

“తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?”

వస్తానన్నాడు డెస్మండ్. అరగంటలో వెళ్ళాడు. ఇద్దరూ ఫ్రిజ్ ముందు చతికిలబడి ఆ గాజు పలకని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశారు. ఎక్కడిదో తేలలేదు. చివరికి దాన్ని బల్లమీద పెట్టేసి, ఆమె వేయించిన గుడ్లు, రొట్టె ముందు పెడితే, అతను కుర్చీ లాక్కుని కూర్చుని తిన్నాడు.