బెత్తెడు తరిగిన కొలకర్ర

నేను ఒక కొలకర్రను. బట్టలకొట్లో గజంబద్ద అనుకునేరు, ఆ చిల్లర పని నాది కాదు. నేను గుర్రాల ఎత్తు కొలిచినదాన్ని. ఇరుగుడు చేవతో నన్ను చెన్నపట్నంలో చేశారు. కాలికి ఇత్తడి పొన్ను, ఒంటి మీద పైకీ కిందికీ జరిగే అడ్డచెయ్యి, ఆ చేతి మీద చిన్న గాజుగొట్టంలో నీటిబుడగ ఉండేవి. గుర్రం మూపు మీద నా చెయ్యి ఆని, బుడగ సరిగ్గా మధ్యకు వచ్చిందంటే నేను చెప్పిందే మాట. అప్పటికి దేశంలో నా అంత నిక్కచ్చి మాట చెప్పే మనిషి ఒక్కడూ లేడు. ఇప్పుడూ లేడనుకోండి.

గుర్రాన్ని బెత్తెల్లో కొలుస్తారు. బొటనవేలు కలిపి అడ్డంగా పెట్టిన అరచేతి వెడల్పు ఒక బెత్తెడు, దొరల లెక్కలో నాలుగంగుళాలు. తొమ్మిది బెత్తెలకు తగ్గిన గుర్రాన్ని కొలిచే పని ఎవరికుంటుందని నా కింది భాగంలో గీతలు పెట్టకుండా నున్నగా వదిలేశారు. ఆ గీతలు లేని చోటే నా కొంప ముంచింది.

నన్ను నల్లరేగడి సీమలో ఒక తాలూకా ఊరికి పంపారు. అక్కడ విట్లాక్ దొర అని ఒక సబ్ కలెక్టరు ఉండేవాడు. ఎద్దులతో దున్నే రైతుల్ని చూస్తే ఆయనకు జాలి. తన దేశంలో బండలాంటి గుర్రాలు నాగళ్ళు లాగుతాయి కాబట్టి ఇక్కడా లాగాలన్నది ఆయన పట్టుదల. పైవాళ్ళకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, ఓడలోనూ రైల్లోనూ ఒక బరువుజాతి మగ గుర్రాన్ని తెప్పించాడు. దాని పేరు మేజర్. గిట్టలు ఒక్కొక్కటి అన్నం తినే పళ్ళెమంత. నేను కొలిచి పదిహేడు బెత్తెలన్నాను. ఊరు దానికి ఏనుగ్గుర్రమని పేరు పెట్టింది.

తొలకరికి దొర దాన్ని నాగలికి కట్టించాడు. నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో అక్కడ నడక నేర్చిన పిల్లకైనా తెలుసు. దొరకు తెలియదు. రెండు చాళ్ళు తిరక్కముందే మేజర్ పొట్టదాకా దిగబడింది. దాన్ని పైకి లాగడానికి రెండు జతల ఎద్దుల్ని తోలుకురావలసి వచ్చింది.

"దొరా, ఈ తూరి దీన్ని ఎండాకాలం దున్నియ్యి, మా ఎద్దులకు ఈ పని తప్పుతాది" అన్నాడొక రైతు, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

దొర తప్పు ఒప్పుకుంటాడా? తప్పు తనది కాదు, నేలది అన్నాడు. మేజర్‌ను నాటు ఆడగుర్రాలకు దాటిస్తే ఈ నేలకు తగిన సంకరజాతి పుడుతుందని కొత్త పథకం రాశాడు. ఏడాదిలో యాభై ఆడగుర్రాలు రావాలని హుకుం. ఆ పథకంలో బుద్ధిగల ముక్క ఒక్కటే, దాన్ని రాసింది ఒక పశువైద్యుడు. పదమూడు బెత్తెలకు తగ్గిన ఆడగుర్రాన్ని మేజర్ దగ్గరికి తేకూడదు, ఆ బరువు మోయలేదు అన్నాడాయన. ఆ నియమానికి కాపలా నేను. అప్పట్లో నాకున్న పొగరు ఇంతా అంతా కాదు.

గుర్రాలచావడికి తుకోజీరావు అనే దారోగా అధికారి. మేజర్‌కు రోజుకు ఇన్ని ఉలవలని సర్కారు కొలిచి ఇచ్చేది. అందులో సగం దారోగా ఇంట్లో చారు అయ్యేది. ఆ చారు రుచికి అలవాటు పడ్డ నాలుకే ఇంత పని చేయించింది. తాలూకా అంతా గాలించినా పదమూడు బెత్తెల ఆడగుర్రాలు నాలుగే తేలాయి. జట్కాల గుర్రాలన్నీ పొట్టివి. ఆడగుర్రాలు రాకపోతే మేజర్‌ను వేరే జిల్లాకు తోలేస్తారు, దాని వెంటే ఉలవలూ పోతాయి.

ఒక మధ్యాహ్నం దారోగా చావడి తలుపు మూసి, నా కాలి పొన్ను ఊడబీకి, సరిగ్గా ఒక బెత్తెడు రంపంతో కోసేశాడు. పొన్నును కొత్త కాలికి మళ్ళీ బిగించాడు. గీతలు లేని చోట కోసిన కోత ఎవడి కంటికి కనిపిస్తుంది? కోసిన ముక్కను, ఉలవల పెట్టె కాళ్ళలో ఒక కోడు కురచగా ఉంటే దాని కింద తోశాడు. ఆ రోజు నుంచి పన్నెండు బెత్తెల గుర్రమల్లా నా పక్కన పదమూడైంది. అరిచి చెప్పడానికి నాకు నోరు లేదు. నోరున్న సాయీసులిద్దరూ చూసి, చూడనట్టు గడ్డి వేయడానికి పోయారు.

ఆ నెలాఖరున దొర వచ్చి సరదాకి మేజర్‌ను కొలిపించాడు. పద్దెనిమిది! దారోగా ముఖంలో నెత్తురు చుక్క లేదు. తొమ్మిదేళ్ళ గుర్రం బెత్తెడు పెరగడం ఎక్కడైనా ఉందా అని ఇంతైనా బుర్ర ఉన్నవాడు అడుగుతాడు. దొర చప్పట్లు కొట్టాడు. ఇక్కడి గడ్డి, ఇక్కడి గాలి తన గుర్రానికి ఎంతగా పడ్డాయో చూడండంటూ పైవాళ్ళకు నాలుగు పేజీలు రాశాడు. వాళ్ళు మెచ్చుకుంటూ జవాబు రాశారు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు కలిసి ఒక గుర్రాన్ని పెంచగా చూసింది నేనొక్కదాన్నే.

అప్పుడే హుసేనప్ప వచ్చాడు. రైలుస్టేషనుకూ ఊరికీ మధ్య జట్కా తోలేవాడు. ఆడగుర్రం ఉన్న ప్రతి జట్కావాడూ తెచ్చి కొలిపించాలి, లేదంటే బండి లైసెన్సు రద్దు అని దండోరా వేశారు. అతని గుర్రం పేరు గోరింట. తల్లి చచ్చిపోతే మేకపాలు పట్టి పెంచుకున్నాడట. భార్య పోయాక ఇంట్లో అతను మాట్లాడేది దానితోనే. తన గుర్రం పొట్టిదని అతనికి తెలుసు. కొలిచి తిప్పి పంపేస్తారని ధీమాగా వచ్చాడు.

నా చెయ్యి గోరింట మూపు మీద ఆనింది. బుడగ మధ్యకు వచ్చింది.

"పదమూడు మీద ఒక వేలు" అన్నాడు దారోగా.

"యాడిది సామీ!" హుసేనప్ప నవ్వాడు. "నేను పొద్దున్నే జెయ్యి పెట్టి చూసినా. పన్నెండు మీద ఒక వేలు. అంతే."

"మళ్ళీ చూసుకో."

అతను నేల మీద కూర్చుని, గోరింట ముందుకాలి వెంట చేతి మీద చెయ్యి వేసుకుంటూ మూపుదాకా వచ్చాడు. "పన్నెండే సామీ. దాని కాలు నా జేతికి తెల్దా? ఆ ఏనుగ్గుర్రం మీద పడితే ఇది నిలవదు. నీ కాళ్ళు పట్టుకుంటా, వొదిలెయ్యి."

"సర్కారు కర్ర కంటే నీ చెయ్యి గొప్పదైపోయిందేంరా?"

హుసేనప్ప నా వైపు చూశాడు. నా జన్మలో ఒక మనిషి ముందు తలదించుకోవాలనిపించింది అప్పుడే. జీవితమంతా మనుషుల్ని చులకనగా చూసిన నేను, బండి తోలి కాయలు కాచిన ఆ అరచేతి ముందు అబద్ధాలకోరుగా నిలబడ్డాను. లైసెన్సు పోతే ఇద్దరికీ తిండి ఉండదు. అతను పగ్గం సాయీసు చేతికిచ్చి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఎంతోసేపు పట్టలేదు. మేజర్ బరువు మీద పడగానే గోరింట వెనక్కాళ్ళు రెండూ ఒకేసారి కూలిపోయాయి. మేజర్‌ను లాగేశాక అది ముందుకాళ్ళతో లేవాలని చూసింది. నడుము కింద ఒళ్ళు దాని మాట వినలేదు.

మూడు రోజులు హుసేనప్ప చావడిలోనే దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మేకపాలు తెచ్చి పట్టాడు. దారోగా మాత్రం "కదిలించి తీసుకుపో, ఇక్కడ చస్తే కంపు" అని పూటకోసారి వచ్చి చెప్పి పోయేవాడు. నాలుగో రోజు మధ్యాహ్నానికి గోరింట పోయింది.

అతను లేచి నిలబడి, చెయ్యి ఆనించుకోవడానికి ఉలవల పెట్టెను పట్టుకున్నాడు. పెట్టె కదిలింది. కోడు కింది ముక్క కనిపించింది. నల్లటి ఇరుగుడు చేవ, పొన్ను మేకు దిగిన రంధ్రం. బయటికి లాగి, దాని పక్కన అరచెయ్యి అడ్డంగా పెట్టాడు. సరిగ్గా బెత్తెడు. నా వంక ఒకసారి, ముక్క వంక ఒకసారి చూశాడు. అతనికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

హుసేనప్ప ఫిర్యాదు మీద దొర బంగళాలో విచారణ జరిగింది. హుసేనప్ప నా పొన్ను తీయించి ముక్కను నా కాలికి ఆనించాడు. చేవలోని చారలు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. బంట్రోతుకు కూడా అర్థమైంది. దొరకు అందరికంటే ముందే అర్థమైంది, ఆయన ముఖం కందగడ్డ అయింది. కర్ర కురచదని ఒప్పుకుంటే మేజర్ మళ్ళీ పదిహేడు బెత్తెలకు దిగిపోతుంది. నాలుగు పేజీల ఉత్తరం అబద్ధమవుతుంది.

"ఈ ముక్క సర్కారుది కాదు" అన్నాడు దొర, కిటికీలోంచి బయటికి చూస్తూ. "కర్ర సరిగా ఉంది. గుర్రం దాని బలహీనత వల్ల చనిపోయింది."

"అట్లయితే ఆ మాటే కాయితం మీద రాసియ్యి దొరా" అన్నాడు హుసేనప్ప. "ఈ ముక్క సర్కారుది కాదని. రేపు నన్ను దొంగంటే?"

వదిలించుకుంటే చాలనుకుని దొర రాసి సంతకం పెట్టాడు. తాను ఏం రాసిచ్చాడో తెలుసుకోవడానికి వానలు రావలసి వచ్చింది.

వానలకు చావడి ముంగిలి అంతా బురద. కొలిపించడానికి ఒక జట్కావాడు తన ఆడగుర్రాన్ని తెచ్చాడు, వెంట హుసేనప్ప కూడా వచ్చాడు. నన్ను నేల మీద ఆనించబోతుంటే హుసేనప్ప వంగి ఆ ముక్కను నా కాలి కింద పెట్టాడు.

"ఏందిది?" దారోగా గొంతు లేచింది.

"బురద గదా సామీ. సర్కారు కర్ర దిగబడతాదని. ఇది సర్కారుది గాదంట, దొర కాయితం ఉండాది. మరి నీదా?"

అవునంటే కోసింది తానేనని తేలుతుంది. దారోగా నన్ను ఆ ముక్క మీదే నిలబెట్టాడు. నా చెయ్యి ఆ గుర్రం మూపు మీద ఆనింది. పన్నెండు. ఎన్నాళ్ళకు నిజం చెప్పాను! ఆ రోజు నేను పడ్డ ఆనందం చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

ఆ ముక్క జట్కావాళ్ళ చేతులు మారుతూ తాలూకా అంతా తిరిగింది. వాన వెలిసి నేల గట్టిపడ్డాక కూడా, బురద ఉంది సామీ అంటూ నా కాలి కింద పెట్టేవాళ్ళు. ఆ ఏడు ఇంకొక్క ఆడగుర్రం కూడా పదమూడుకు రాలేదు. మేజర్‌ను తోలుకుపోయారు, దారోగా ఇంట్లో చారు కట్టయింది, దొరకు పై ఉద్యోగం వచ్చింది. హుసేనప్ప స్టేషనులో మూటలు మోసి బతికాడు. మళ్ళీ గుర్రాన్ని కొనలేదు.

నేనిప్పుడు ఒక మ్యూజియంలో అద్దాల బీరువా పక్కన గోడకు ఆనుకుని ఉన్నాను. 'ఆనాటి కచ్చితమైన కొలతలకు తార్కాణం' అని నా మెడలో అట్ట వేలాడదీశారు. ఇక్కడి కాపలాదారుణ్ణి రెండంగుళాలు తగ్గావని పోలీసు ఉద్యోగానికి తీసుకోలేదట. రోజూ తలుపు తీయగానే వచ్చి నా పక్కన నిటారుగా నిలబడతాడు. నా లెక్కలో అతను ఉండవలసిన ఎత్తు కంటే రెండంగుళాలు ఎక్కువే. తనకు అన్యాయం జరిగిందని అర్జీ కూడా రాసుకున్నాడు, పాపం. వాణ్ణి చూసి నవ్వుకోవాలనిపిస్తుంది కానీ నవ్వే అర్హత నాకెక్కడిది?

ఆ ముక్క ఎవరింట్లో, ఏ పెట్టె కింద ఉందో తెలియదు. నాలో నిజం పలికింది ఆ బెత్తెడే. మీరెప్పుడైనా ఇటు వచ్చి నా పక్కన నిలబడాలనుకుంటే, ఆ అట్టను నమ్మకండి. ముందు వంగి, నా కాలి కింద మీ అరచెయ్యి అడ్డంగా పెట్టండి.