గేరుబాక్సు చాటు బిళ్ళ

గంగాధర్ ఇంజన్ బ్లాకు మీదికి వంగి, వెనక రంధ్రం అంచున పట్టిన తుప్పును గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. మధ్యమధ్య చూపుడువేలు లోపల తిప్పి చూసుకుంటున్నాడు. గోటికి ఏదైనా తగిలితే మళ్ళీ రుద్దుతాడు. నడుం పట్టేసింది. కళ్ళజోడు జారితే, వేళ్ళ నిండా నల్లనూనె కాబట్టి, మోచేత్తో పైకి నెట్టుకున్నాడు.

భీమవరంలో రొయ్యల లోడు తోలే ఆ పాత వ్యాను ఇంజన్‌ను అతను విప్పడం ఇది రెండోసారి. ఇంజన్ లోపల నీళ్ళు తిరిగే దారికి పక్కల్లో గుండ్రటి రంధ్రాలుంటాయి. వాటిని చిన్న గిన్నెల్లాంటి బిళ్ళలు కొట్టి మూయాలి. అన్నీ కంటికి కనబడతాయి, ఒక్కటి తప్ప. అది గేరుబాక్సు చాటున ఉంటుంది. అక్కడ ఏం వేశారో వేసినవాడికే తెలియాలి.

మొన్న వేసవిలో వేసినవాడు గంగాధరే. ఆ రోజు సరైన సైజు ఊళ్ళో దొరకలేదు. రాజమండ్రి నుంచి తెప్పిస్తే మర్నాటికి వచ్చేది. చెరువులో రొయ్యల పట్టుబడి ఉంది, సాయంత్రానికల్లా బండి కావాలని యజమాని సుబ్బరామరాజు గారు ఒకటే తొందర. గంగాధర్ వెంట్రుకవాసి చిన్నదైన బిళ్ళకు చుట్టూ పేస్టు దట్టంగా పూసి సుత్తితో కొట్టేశాడు. వదులుగా ఉందని చేతికి తెలిసింది. తెలిసే కొట్టాడు.

పోయిన వారం ఆ బిళ్ళ ఊడిపోయింది. నీళ్ళన్నీ కారిపోయి ఇంజన్ పట్టేసింది. లోడు రోడ్డు పక్కన ఎండలో పాడైపోయింది.

"ఎందుకూడిందయ్యా?" అని రాజుగారు అడిగారు.

"చెరువులోని ఉప్పునీళ్ళు బండిలో పోస్తే ఇనుమును తినేస్తాయండి" అనేశాడు గంగాధర్.

ఎవరు పోశారో చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. ఆ బండికి నీళ్ళు పోసేది డ్రైవర్ పల్లంరాజు ఒక్కడే.

ఇవాళ రాజమండ్రి నుంచి ఇత్తడి బిళ్ళ వచ్చింది. గంగాధర్ దాన్ని రంధ్రం అంచున నిలిపి, పాత సాకెట్టు అడ్డం పెట్టి, చుట్టూ సమంగా చిన్న చిన్న దెబ్బలు వేశాడు. బొంగురుగా పలికిన చప్పుడు మెల్లగా గట్టిపడింది. బిళ్ళ కుదురుగా కూర్చుంది. ఈ పనికి ఆనాడు ఒక్క రోజు ఓపిక పడితే సరిపోయేది. తన మీద తనకే అసహ్యం వేసింది. పల్లంరాజు వస్తే చెప్పేయాలి. 'నీ తప్పేం లేదు బాబాయ్, నేనే.' అంతే కదా మాట.

సాయంత్రం పల్లంరాజు వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో సంచి. బండిలో ఉన్న దేవుడి పటం తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు.

"బిళ్ళ దొరికిందా మేస్త్రిగారూ?"

"దొరికింది బాబాయ్. ఇత్తడిది."

"మంచిదండి. నాలాంటోడు ఏ నీళ్ళు పోసినా తట్టుకుంటది." నవ్వబోయి ఆగిపోయాడు. "నేనెప్పుడూ కుళాయి నీళ్ళే పోసేవోణ్ణండి. పరాకున ఎప్పుడైనా చెరువులో ముంచానేమో మరి. రాజుగారు అన్నాక నాకూ అలాగే అనిపిస్తంది. వయసైపోయింది కదండీ. వేరే డ్రైవర్ని పెట్టుకున్నారంట. తునిలో మా తమ్ముడి దగ్గరికి పోతన్నాను."

"బాబాయ్..."

"చెప్పండి."

గంగాధర్ సుత్తి పిడికి అంటిన నూనెను గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"బస్సు టైమైపోతుంది. జాగర్తగా వెళ్ళు" అన్నాడు.

పల్లంరాజు బానెట్టును అరచేత్తో ఒకసారి నిమిరి, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

గంగాధర్ ఫోన్ తీశాడు. రాజుగారి పేరు దాకా వెళ్ళి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బండి తలుపు వేద్దామని వెళ్తే, సీటు వెనక తాడుతో కట్టిన తెల్ల డబ్బా కనబడింది, పల్లంరాజు ఇంజనుకు నీళ్ళు పోసేది. అడుగున కాసిని నీళ్ళు మిగిలి ఉన్నాయి. అరచేతిలో వంపుకుని నాలుక మీద వేసుకున్నాడు. కాస్తయినా ఉప్పగా ఉంటే బాగుండునని అతని ఆశ. ఉప్పు జాడే లేదు. శుభ్రమైన మంచినీళ్ళు.

నలక పడకుండా డబ్బా మూతికి కట్టిన పాత పంచె ముక్క ఆ నీళ్ళకు తడిసి ఉంది.