బలవంతమేమీ లేదన్న మాట

అదే మాట, ఆరో ఇంటి మెట్ల దగ్గరా అదే మాట, ఎవరూ బలవంతం చేయలేదమ్మా, ఇష్టపడే అప్పుకాగితం మీద వేలిముద్ర వేశాను అని, పాఠం అప్పజెప్పినట్టు, తనిఖీకి వచ్చిన చంతూ, ఫారంలో బలవంతం లేదు అన్న గడిలో టిక్కు పెట్టబోయి ఆగింది, గ్రామాల్లో అప్పులిచ్చే సంస్థల మీద నిఘా పెంచాలని రాజధాని నాంపెన్‌లో కొత్త నిబంధనలు రాశారు, ఇంటింటికీ వెళ్ళి అడగాలన్నారు, అడుగుతూనే ఉంది, ఎవరింట్లోనూ మంచినీళ్ళైనా తాగకూడదన్నారు, తాగడం లేదు, నిన్న ప్రేవెంగ్ పట్నంలో ఒక్కతే కూర్చుని జావ తాగుతుంటే పక్క బల్లవాళ్ళు మెడలో తనిఖీ కార్డు చూసి గొంతు తగ్గించేశారు, ఈ ఉద్యోగంలో పదకొండేళ్ళుగా ఏ ఊరు వెళ్ళినా ఇంతే, ఈ ఆరో ఇంటి ఖుమ్ పెద్దమ్మ చూపు తన మీద లేదు, భుజం మీదుగా వెనక్కి పోతోంది, తిరిగి చూస్తే చింతచెట్టు కింద అప్పిచ్చిన సంస్థ బ్రాంచి మేనేజరు విరక్, దారి చూపిస్తానని వెంట వచ్చినవాడు, మోటారుసైకిలు మీద కూర్చుని నవ్వుతున్నాడు, పొద్దుటినుంచి ప్రతి ఇంటి ముందూ అంతే దూరంలో, విరక్‌గారూ మీరు వెళ్ళండి, నేను వస్తాను, దారి తప్పుతారు మేడం, తప్పితే ఎవరినైనా అడుగుతాను లెండి.

బండి చప్పుడు వరిమళ్ళ అవతలికి పోయాక పెద్దమ్మ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంది, బాకీ కోసం వాడు రోజూ వచ్చి ఈ మెట్ల మీదే కూర్చునేవాడు తల్లీ, పొలం అమ్మేదాకా లేవనన్నాడు, అమ్మేశాను, ఇష్టపడే అమ్మానని కాగితం రాయించుకున్నాడు, ఈ ఇంటి పట్టా ఇంకా వాడి దగ్గరే ఉంది, ఇదంతా రాయకు, ఎందుకు పెద్దమ్మా, ఎందుకంటావేం, నువ్వు సాయంత్రం బస్సెక్కుతావు, రేపు వచ్చేది వాడేగా, పోనీ చెప్పు, మళ్ళీ ఎప్పుడొస్తావు.

మళ్ళీ ఎప్పుడొస్తావు, ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, అద్దెగది తలుపు వేసుకునేటప్పుడూ ఎవరూ అడగరు, ఫారంలో దానికి గడి లేదు, ఏ ఊరికైనా రెండోసారి వెళ్ళిందా, గుర్తు రావడం లేదు, పొద్దున పెట్టిన ఐదు టిక్కులూ కనిపించాయి, విరక్ చూస్తుండగా పెట్టినవి, ఒక్కొక్కటే కొట్టేసింది, సోమవారం వస్తాను పెద్దమ్మా, ఒక్కదాన్నే, అన్నం వేళకి రా మరి, తినకూడదంటావేమో, నేను తింటుంటే ఎదురుగా కూర్చో, చాలు, చంతూ ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది, ఈ ఆరిళ్ళవాళ్ళ నోళ్ళు మూయించినదాంట్లో చెట్టు కింద విరక్ సగమే, మిగతా సగం, ప్రతి ఊరి నుంచీ తిరిగి రాకుండా వెళ్ళిపోతూ కనిపించే తన వీపే.