తడిపిన దారి

ట్యాంకరు వెనక వాల్వు తిప్పి, చిల్లుల పైపులోంచి నీళ్ళు సరిగ్గా పడుతున్నాయో లేదో వంగి చూసి, శీనయ్య మళ్ళీ ట్రాక్టరెక్కాడు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు వదిలి కంకర క్రషర్‌కు తిరిగే మట్టిదారి అది. గాలిని కొలిచే ఆఫీసర్లు వస్తున్నారని కబురందినప్పుడల్లా ఆ దారికి తలంటి పోయడం అతని పని. మిగతా రోజుల్లో దాని మొహం చూసేవాడు లేడు.

ఎండకు కమిలిన మెడ, ముందుకు వంగిన భుజాలు, కాయలు కాచిన అరచేతులు. ఒకరి జోలికి పోడు, ఒకరి నోట్లో పడడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ ట్యాంకరు వల్లనే అని, ఎవరూ అడక్కపోయినా తనకు తాను చెప్పుకుంటూ ఉంటాడు.

ఇప్పుడు చట్టం మారింది. ఇన్నాళ్ళూ దుమ్ము కొలిచే మిషను చెప్పిందే లెక్క. ఇకమీదట చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళను కూడా అడిగి, దాన్నిబట్టి ఎక్కడ ఎంత దుమ్ముకు హద్దు పెట్టాలో తేలుస్తారట. హద్దు బిగిస్తే క్రషర్ ఆగిపోతుంది. మిషన్నయితే నీళ్ళతో ఏమార్చవచ్చు. మలుపులో మొదటి ఇంట్లో ఉండే తిరుపాలమ్మను ఎట్లా ఏమార్చడం? క్రషర్ పెట్టినప్పటి నుంచీ ఆ ముసలామె దగ్గుతూనే ఉంది.

ట్రాక్టరు చప్పుడుకు ఆమె అరుగు మీదికి వచ్చింది.

"ఏంది శీనయ్యా, ఈ దినం ఆపీసర్లు వస్తన్నారా?"

"అవును పెద్దమ్మా."

"దుమ్ము సంగతి చెబితే మీ క్రషర్ మూసేస్తారంట గదా?"

ఉన్నదున్నట్టు చెప్పు పెద్దమ్మా అనే మాట గొంతుదాకా వచ్చింది. తీరా నోరు తెరిస్తే వేరే మాట బయటపడింది.

"మా కూతురు సుజాత చదువు ఇంకో యేడు ఉండాది పెద్దమ్మా."

తిరుపాలమ్మ లోపలికి పోయింది. శీనయ్యకు తన మొహం మీద తనకే ఉమ్మాలనిపించింది. అయినా ట్రాక్టరు ముందుకే పోనిచ్చాడు.

ఎండెక్కాక జీపు వచ్చింది. మధులత అనే ఆఫీసరమ్మ అరుగు మీద కూర్చుని, "దుమ్ముతో ఇబ్బందిగా ఉందా అవ్వా?" అని అడిగింది.

"దుమ్మా? యాడుండాది తల్లీ! మా శీనయ్య దినామూ నీళ్ళు కొడతాడే."

"మరి ఆ ఆయాసం?"

"అది పాతది. పుట్టినప్పటి నుంచీ ఉండాది."

జీపు మలుపు దాటేదాకా ఆమె కొంగు నోట్లో కుక్కుకుని దగ్గును ఆపుకుంది. ట్రాక్టరు పక్కన నిలబడి శీనయ్య అదంతా చూశాడు. దగ్గరికి వెళ్ళే మొహం లేకపోయింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆ ఇంటి ముందు జనం ఉన్నారు. పక్కింటి చెంచులక్ష్మి ఎదురొచ్చింది.

"దగ్గు తెర ఆగలా. ఆటో వచ్చేలోపే పొయ్యింది. నీ ట్యాంకర్లో నీళ్ళుండాయా? ఒంటికి పోయాల."

ట్యాంకర్లో చుక్క లేదు. ఉన్నదంతా దారి తాగేసింది. శీనయ్య బిందె తీసుకుని పెరట్లో తొట్టి దగ్గరికి వెళ్ళాడు.

"అవి పనికిరావు," అంది చెంచులక్ష్మి వెనకనుంచి. "దుమ్ము రాకుండా పెద్దమ్మ వాకిలికి కట్టుకునే తడిచీర ఉండాది వాటిల్లో. ఆపీసర్ల కంట పడతాదని పొద్దన్నే తీసి అందులో దాచి పెట్టింది."

బూడిదరంగు నీళ్ళలో ఆ పాత చీర, మేకులకు తగిలించే రెండు ముళ్ళూ విప్పకుండానే, నానుతూ ఉంది.