నలభై మంది వెతికే మాట

బెండు ముక్కను మోకాళ్ల మధ్య బిగించి, కత్తితో పొరలు పొరలుగా చెక్కుతున్నాడు బూట్ల మేస్త్రి. చెక్కిన పొట్టు ఒళ్లో రాలుతోంది. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు రెండు కాళ్లూ సమంగా నేలకు ఆనేలా బూట్లు కుట్టడం ఆయన పని. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే. ఎప్పుడో కత్తికి చీలిన బొటనవేలి గోరు అలా రెండు పాయలుగానే పెరిగింది. ఎప్పుడూ తల వంచుకునే ఉంటాడు కాబట్టి, వీధిలోవాళ్లకు ఆయన ముఖం కంటే బట్టతలే ఎక్కువ పరిచయం.

దుకాణానికి మనుషులు రావడం తగ్గిపోయింది. సోమవారం నుంచి ఒక గోదాములో పెట్టెలు సర్దే పనికి ఒప్పుకున్నాడు. ఇవాళ శుక్రవారం.

రెండు నెలల క్రితం భార్య పట్టుబట్టి ఒకావిడను కుదిర్చింది. ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లకు దుకాణాలు కనబడేలా చేయడం ఆవిడ పని. మేస్త్రి ఆవిడకు ‘మాటలావిడ’ అని పేరు పెట్టాడు.

మొదటిరోజే ఆవిడ తేల్చి చెప్పింది. "బూట్లు అన్న మాట జోలికి పోవద్దండీ. పెద్ద కంపెనీలన్నీ అక్కడే తొక్కుకుంటున్నాయి. మనకి ఎవరూ పట్టించుకోని మాట కావాలి. మీ దగ్గరికొచ్చేవాళ్లు గుమ్మంలో నిలబడి ఏమంటారు?"

"ఏమంటారు... ‘ఒక కాలు పొట్టండీ, బూటు ఎత్తు పెంచుతారా’ అంటారు. కొందరు అదీ అనరు. ఊరికే కాలు చూపిస్తారు."

"ఇంటర్నెట్‌లో మీ దుకాణం పేరు పక్కన అదే మాట పెడదాం. నెలకి ఓ నలభై మంది వెతుకుతారేమో. వాళ్లకి మీరు తప్ప ఇంకెవరూ కనబడరు."

"నలభై మందా!" పళ్ల మధ్య పట్టుకున్న మేకు తీసి మరీ అన్నాడు. "నా దగ్గరికి ఏడాదికి కూడా అంతమంది రారు."

ఆ మాట పట్టుకుని ఇప్పటిదాకా వచ్చింది ఒక్క లెక్కల టీచరమ్మే. మూడు వారాల క్రితం కొలతలిచ్చి వెళ్లింది. ఇప్పుడు చెక్కుతున్నది ఆవిడ బూటు మడమే.

పదింటికి ఫోన్ మోగింది. పదకొండులోపు మళ్లీ రెండుసార్లు. మధ్యాహ్నానికి భార్య గోడ క్యాలెండరు వెనక్కి తిప్పి, ఆ మాట వెతికి బూట్ల కోసం ఫోన్ చేసిన ఏడుగురి పేర్లు రాసింది. "ఏమండీ, ఇంక చోటు లేదు," అంది, నవ్వు ఆపుకోలేక.

మేస్త్రి చేతులు తుడుచుకుని గోదాముకి ఫోన్ చేశాడు. "సోమవారం రాలేనండీ. మంగళవారం కూడా రాలేను. నాకు చేతినిండా పనుంది." పెట్టేశాక కూడా కాసేపు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాడు.

నాలుగింటికి టీచరమ్మ వచ్చింది. మేస్త్రి నేల మీద కూర్చుని, తానే లేసులు బిగించాడు. ఆవిడ లేచి, అలవాటుగా బల్ల పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. దేన్నీ ఆనుకోకుండా నిలబడింది.

"ఇన్నేళ్లూ గోడకి ఆనుకునే పాఠం చెప్పానండీ," అంది. "రేపు పిల్లలు గుర్తుపట్టరు."

"బోర్డు మధ్యలో నిలబడండమ్మా," అన్నాడు మేస్త్రి.

ఆవిడ వీధిలోకి దిగి, మూల తిరిగేదాకా వెనక్కి చూడకుండా నడిచింది. కుంటలేదు. గుమ్మంలో భార్యాభర్తలిద్దరూ తలెత్తి చూస్తూ ఉండిపోయారు.

లోపల గోనెపట్టా మీద ఆవిడ పాత బూటు ఒరిగి ఉంది. మడమ ఎత్తు కోసం అందులో అట్టముక్కలు కుక్కి ఉన్నాయి, అన్నిటికంటే పైది ఇంకా చెమట తడిగానే ఉంది.