టిక్కుమని ఊరుకున్న ఇంజను

తాళం తిప్పాను. టిక్. అంతే. మళ్ళీ తిప్పితే మళ్ళీ టిక్. ఇంజను దించి, కడిగి, పిస్టన్ రింగులు మార్చి, ఒక్కదాన్నే బిగించి కూర్చోబెట్టిన నాకు ఆ చప్పుడు వినగానే ఒళ్ళు మండిపోయింది.

షెడ్డు నాన్నది. మోకాళ్ళు అరిగిపోయి ఆయనిప్పుడు కారు కిందకి దూరలేరు. ఎదురుగా టైర్ల కొట్టు నడిపే బాబాయికి షెడ్డు ఇచ్చేస్తానంటే, నేను నడుపుతానని అడ్డం పడ్డాను. "సరే, ఈ ఇంజను పని నువ్వొక్కదానివే చెయ్యి. స్టార్టయితే షెడ్డు నీది. లేదంటే బాబాయిది" అన్నారు. నాన్న మాటంటే మాటే. అందుకే బాబాయి పొద్దున్నే వచ్చి నిలబడ్డాడు. కారును చూస్తున్నట్టు నటిస్తూ, టైర్లు ఎక్కడ పేర్చుకోవాలో కళ్ళతో కొలుచుకుంటున్నాడు.

"స్టార్టర్ పోయినట్టుందమ్మా" అన్నాడు గొంతులో జాలి ఒలకబోస్తూ. "పోనీలే, అందరికీ అన్నీ రావాలని లేదుగా."

"నీ టైర్లలో గాలుందో లేదో చూసుకో పో, బాబాయ్" అన్నాను.

ఆ కారు, డ్రైవింగ్ నేర్పే టీచరమ్మది. ఆవిడ బల్ల మీద కూర్చుని మా అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. నాన్న కుర్చీలోంచే "స్టార్టర్ విప్పి చూడు" అన్నారు.

"విప్పను" అన్నాను. ఆ షెడ్డులో నాన్నకి ఎదురు చెప్పిన వాళ్ళు అంతవరకూ లేరు. "పొగ కక్కుతూ అయినా ఈ కారు తనంతట తనే వచ్చింది కదా నాన్నా! అప్పుడు బాగున్న స్టార్టర్ ఇప్పుడెందుకు పోతుంది? చెడింది మన చేతుల్లోనే. మనం ముట్టుకున్నదేదో చూడాలి."

నాన్న కుర్చీని కాస్త ముందుకి జరుపుకున్నారు.

పక్కనే ఉన్న మా తమ్ముణ్ణి కారు సీట్లో కూర్చోబెట్టి హెడ్‌లైట్లు వెయ్యమన్నాను. ఎదురు గోడ మీద వెలుగు నిండుగా పడింది. "ఇప్పుడు తాళం తిప్పరా." టిక్కుమంది. గోడ మీద వెలుగు మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు.

అక్కడే నా బుర్ర వెలిగింది. బ్యాటరీ నీరసంగా ఉన్నా, స్టార్టర్ బిగుసుకుపోయినా, తాళం తిప్పగానే లైట్లు మొహం వేలాడెయ్యాలి. ఇవి వెయ్యలేదు. అంటే స్టార్టర్‌కి కరెంటు అందడం లేదు, దారిలో ఎక్కడో అడ్డుంది. ప్లస్ వైరు ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగి చూశాను, గట్టిగానే ఉంది. ఇక మిగిలింది ఇంజనునీ బాడీనీ కలిపే ఎర్త్ వైరు. కరెంటు తిరిగి వెళ్ళే దారి అది. దాని బోల్టుకి పానా పట్టించి చూస్తే అదీ కదల్లేదు. అయినా వంగి, వైరు కొస కిందకి టార్చి వేశాను. నల్లగా, నున్నగా తళతళలాడుతోంది.

మా తమ్ముడు పెయింటరు. కదలకుండా ఉంటే గోడ మీది బల్లికి కూడా రంగు వేసేసే రకం. ఇంజను బయట ఉన్నప్పుడు బానెట్ లోపలంతా వాడే రంగు వేశాడు.

"ఒరేయ్, ఇక్కడ కూడా వేశావా?"

"వెయ్యకపోతే ఎలాగక్కా? బాడీ అంతా నల్లగా ఉంటే అక్కడొక్కటీ బోడిగా ఉంది. చూడలేక రెండు కోటింగులు వేశా" అన్నాడు గర్వంగా.

నవ్వాలో, వాడి వీపు విమానం మోత మోగించాలో తెలియలేదు.

"అంత గట్టిగా బిగించాక రంగేం అడ్డమే?" అన్నారు నాన్న.

రంగు పడ్డ ఆ చోటుని తప్పించి కరెంటు పంపడానికి జంపర్ కేబుల్ తెచ్చి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజను మీద రంగు లేని చోట తగిలించి "తిప్పరా" అన్నాను. ఇంజను ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని అందుకుంది! ఆపించి, కేబుల్ తీసి మళ్ళీ తిప్పించాను. టిక్. నాన్న కుర్చీలోంచి లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో ఆ నలుపంతా గీకి పారేశాను. తమ్ముడు కన్నకూతుర్ని అత్తారింటికి పంపుతున్నంత దిగులుగా చూశాడు. ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, వైరు బిగించి, "బాబాయ్, ఈసారి నువ్వు తిప్పు" అన్నాను. తిప్పక తప్పలేదు పాపం. సగం తిప్పాడో లేదో ఇంజను అందుకుంది. మెత్తగా, నిలకడగా, పొగ జాడే లేకుండా నడుస్తోంది. నా ఆనందం అంతా ఇంతా కాదు.

టీచరమ్మ నాన్న దగ్గరికి వచ్చింది. "మళ్ళీ మొరాయిస్తే పూచీ ఎవరిదండీ?"

"నన్నడుగుతారేంటండీ?" అన్నారు నాన్న. "ఓనరు అక్కడుంటే!"

చేతుల మసి తుడుచుకుని, "నాదే పూచీ" అన్నాను. కావాలనే, బాబాయికే కాదు, ఎదురుగా ఆయన కొట్టు దాకా వినబడేలా అన్నాను.