ముందు కుర్చీ

ఫోను కూడా కాలు మీద కాలేసుకుని కూర్చోగలదన్నమాట, అనుకుంది ఆమె గోడకి ఆనుకుని నిలబడి, ఎందుకంటే స్టాండుకున్న మూడు కాళ్ళలో రెండు సీటు మీద ఆనించి, మూడోది కుర్చీ చేతి మీదకి చాపుకుని, నల్లటి మొహం స్టేజీ వైపు తిప్పుకుని ఆ ఫోను సంగీతం తెలిసిన పెద్దమనిషిలా కూర్చుని ఉంది, ఎదురుగా మైకు ముందు నీలం చొక్కా అబ్బాయి దానికేసే చూస్తూ, దానికేసే నవ్వుతూ, దానికే పాడుతున్నాడు, పాట బాగానే ఉంది, గొంతు ఇంకా బాగుంది, కానీ గదిలో ఇంతమంది ఉండగా ఒక్కరి కళ్ళలోకైనా చూడడేం, తను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో అయితే ఇలాంటివాళ్ళని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, బాబూ, ఫోను కాదు, ఎదురుగా ఆ బోర్డు చూడు, పై వరుసలో ఏం కనిపిస్తోంది, అని అడిగేది, తన మాటకి తనకే నవ్వొచ్చి పెదవి కొరుక్కుంది, నవ్వకూడదు, ఈ రోజు నవ్వులాటకి రాలేదు, తను రాసుకుని తనే బాణీ కట్టుకున్న పాట ఈ రోజు మొత్తం పాడాలి, ముక్క కాదు, మొత్తం, వెనక ట్రాకు లేకుండా, ఒక మనిషి మొహంలోకి చూస్తూ, పొద్దున పళ్ళు తోముకున్నాక బ్రష్షు గ్లాసులో వేస్తే అది వెళ్ళి పక్క బ్రష్షు భుజం మీద వాలిపోయినప్పుడు, చూశావా సిగ్గులేనిదానా అని దాన్ని తిట్టి, ఆ ఊపులోనే తీర్మానించేసుకుంది, పాడి తీరాలి.

ఈ మేడమీద గదికి ఒకప్పుడు ఒకే ఒక్క నియమం ఉండేది, కింద కాఫీ దుకాణం నడిపే బాబాయ్ పెట్టిందే, ఆదివారం సాయంత్రం ఎవరైనా రావచ్చు, ఎంతసేపైనా పాడవచ్చు, కానీ పాడినవాళ్ళు స్టేజీ దిగి నేరుగా ముందు కుర్చీలో కూర్చోవాలి, తర్వాత వచ్చేవాళ్ళ పాట అయ్యేదాకా లేవకూడదు, ఎందుకు బాబాయ్ అంటే, మరి మనిషి మొహం లేకపోతే ఎవరికి పాడతావమ్మా, గోడకా, అది చప్పట్లు కొడుతుందా, కనీసం తిడుతుందా, అనేవాడు, ఆ కుర్చీ ఒక కాలు కాస్త పొట్టి, కూర్చున్నవాళ్ళు తాళం వేస్తే అదీ టకటకలాడేది, మొదటిసారి తను మైకు ముందుకి వెళ్ళినరోజు వెనక్కి తిరిగి పారిపోదామనుకున్న క్షణంలో ఆ కుర్చీలో ఒకతను ఉన్నాడు, అంతకుముందే పాడి సగంలో పదాలు మరిచిపోయి, మిగతాది మీరే ఊహించుకోండి అని గది గదంతా నవ్వించి దిగి వచ్చినవాడు, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, పరీక్ష ఫలితాలు వినడానికి వచ్చినవాడిలా ఆమెనే చూస్తున్నాడు, ఆ తెరిచిన నోట్లోకే పాట పోసింది, ఇప్పుడు ఆ నోరే ఇంట్లో పక్కగదిలోంచి, నా రెండో సాక్సు ఎక్కడ అని అరుస్తుంటే ఆమెకి వెయ్యి పనుల మధ్య కూడా ఆగి నవ్వుకోవాలనిపిస్తుంది, నా, అంటాడు, ఆమె సాక్సు వేసుకుని తిరుగుతూ.

బాబాయ్‌కి మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేక కింద గల్లాపెట్టె దగ్గరే ఉండిపోయాక అల్లుడు పైగదిని చేతిలోకి తీసుకున్నాడు, అల్లుడు చెడ్డవాడేం కాదు, కష్టపడే మనిషి, గోడలకి రంగులేయించాడు, గుండ్రటి దీపాలు పెట్టించాడు, మనిషికి నిమిషంన్నర అని కట్టడి చేశాడు, ట్రాకు తెచ్చుకోండి, వీడియో తీసి మర్నాటికల్లా మీకు పంపిస్తాం అన్నాడు, అంతే, సగం ఖాళీగా ఉండే గది నిండిపోయింది, ముందు ఎప్పుడూ నలుగురి ముందు నోరు విప్పని పిల్లలు వస్తున్నారు, చూశావా అక్కా, మా మామగారి హయాంలో ఇంత జనం ఉన్నారా అంటే లేరు మరి, ఒప్పుకోవాల్సిందే, కాకపోతే వచ్చినవాళ్ళు తమ వంతు అయ్యేదాకా తమ ఫోనులో తమ పాటే వింటారు, వంతు అయ్యాక మెట్లు దిగి వెళ్ళిపోతారు, ముందు కుర్చీలో మనిషికి బదులు స్టాండు వచ్చి కూర్చుంది, అదేం కొత్త రివాజో, పోయినసారి పాడినప్పుడు తను కూడా ఆ నల్ల మొహం చూస్తూనే పాడింది, పాట సగంలో ఉండగా దానికి ఏదో మెసేజి వచ్చి ఒళ్ళంతా వెలిగింది, ఆమె పాటకి కాదు.

ఇదిగో వచ్చాడు, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్న బూట్ల చప్పుడు అతనిదే, లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు ఏ మేడలోనూ లిఫ్టు ఎక్కడు, దాని లోపల ఏముందో నాకు తెలుసు కాబట్టి, అంటాడు, చెమటతో మెరుస్తున్న మొహం, చొక్కా జేబు మీద గ్రీజు మరక, ఆ మరకని కూడా ముద్దు పెట్టుకోవాలనిపిస్తోంది, ఛీ, నలుగురిలో ఏమిటీ ఆలోచన, అతను వచ్చి చెవి దగ్గర వంగి, మీరు కోప్పడకూడదు, ఒక్కసారి ఇది వినాలి, అన్నాడు, మీరు అన్నాడంటే ఏదో జరిగింది, పెళ్ళయ్యాక ఒకరినొకరు నువ్వు అనుకోవాలని ఒప్పందం, మామూలప్పుడు నువ్వే, తప్పు చేసినప్పుడు మాత్రం మర్యాద పుట్టుకొస్తుంది, పాలు పొంగబెట్టినప్పుడు మీరు, తడి తువ్వాలు మంచం మీద పారేసినప్పుడు మీరు, ఏం చేశావు అంది, ఏం చేయలేదండీ, మా అక్క రోజూ ఫోను చేసి మరదలి పాట వీడియో ఎప్పుడు పంపుతావురా అని నా ప్రాణం తీస్తోంది కదా, అందుకని మీ పాటకి ట్రాకు చేయించాను, మా స్నేహితుడు లేడూ, వాడికి నేను పాడి వినిపించాను, మీరు స్నానం చేస్తూ పాడుకుంటారే, తలుపు బయట నిలబడి నేర్చుకున్నాను, మొత్తం వచ్చు నాకు, ఇవాళ అల్లుడుగారికి ఫోనులో పంపేశాను కూడా, అని ఆమె చెవిలో ఇయర్‌ఫోను దూర్చాడు.

దేవుడా, ఇదేమిటి, ముందు డబడబా చప్పుడు, ఆ వెనక తన పాటే, కానీ తన పాట కాదు, తన చొక్కా ఎవరో తిరగేసి తొడుక్కున్నట్టు, శ్రుతి ఎక్కడో పైన, నడక ఎక్కడో కింద, ఇతను శ్రుతి తప్పి కూనిరాగం తీస్తే ఆ స్నేహితుడు ఎంత నమ్మకస్తుడో, ఆ తప్పు తప్పంతా పొల్లు పోకుండా పట్టుకుని దాని చుట్టూ వాయిద్యాలు కట్టేశాడు, పైగా ఒక్క మేకున రెండు తాళంచెవులు, ఏది నీదో, ఏది నాదో, తలుపుకేం తెలుసు, అన్న చోట, కొత్త ఇంటి తలుపు పక్కన మేకు కొట్టిన రోజున రాసుకున్న చోట, ఆమె బాణీలో తలుపుకేం తెలుసు అన్న మాట మెల్లగా కిందకి దిగి ఆగుతుంది, ఇందులో నిచ్చెనెక్కినట్టు పైకి పోయి గాల్లో వేలాడుతోంది, ఎవరు ఎక్కించారు దాన్ని అక్కడికి, నవ్వు వస్తోంది, ఏడుపూ వస్తోంది, అతను మాత్రం ఆమె మొహం చూస్తూ, బాగుందా, తబలా కూడా పెట్టించాను, అంటున్నాడు, స్నానాల గది తలుపు బయట చెవి ఆనించి నిలబడ్డవాడు, పాపం ఎన్నిసార్లు నిలబడ్డాడో, పదాలు ఒక్కటి కూడా తప్పలేదు, తన సొంత పాటకే పదాలు గుర్తుండనివాడికి, ఇప్పుడు దీన్ని వద్దంటే ఆ మొహం ఏమవుతుంది, వద్దనకపోతే పాట ఏమవుతుంది, నీలం చొక్కా అబ్బాయి అప్పుడే స్టాండు తీసుకుని దిగిపోతున్నాడు, అల్లుడు మైకులో తర్వాత మన కళ్ళద్దాల అక్క అంటున్నాడు, ట్రాకు రెడీ అక్కా అంటున్నాడు, కాఫీ దుకాణం స్టాండు మీద దుకాణం ఫోను పెట్టి అదే కుర్చీలో కూర్చోబెడుతున్నాడు.

మైకు దాకా ఎలా వెళ్ళిందో, డబడబా మొదలైపోయింది, వంతు లెక్కపెట్టే గడియారంలో ఎర్రటి సంఖ్యలు పరిగెడుతున్నాయి, నోరు తెరవాలి, తెరిచింది, కానీ అందులోంచి వచ్చింది పాట కాదు, ఆపండి, అంది, మైకులో కాబట్టి గది గదంతా ఆగింది, ఏమైందక్కా, సౌండు తక్కువా, కాదు, ట్రాకు వద్దు, ట్రాకు వద్దా, మరి బావగారు, బావగారితో నేను మాట్లాడుకుంటాలే, ఆ ఫోను కూడా తీసెయ్ తమ్ముడూ, అదేంటక్కా, ఫోను తీసేస్తే వీడియో ఎట్లా, వీడియో ఈసారికి వద్దు, కుర్చీ కావాలి, అని, వెనక గోడ దగ్గర బిక్కమొహం వేసుకున్న భర్తని చూసింది, అయినా చెయ్యి చాపింది, ఇటు రా, ఇక్కడ కూర్చో, బాగా లేదా అండీ, అన్నాడు అతను దగ్గరికొచ్చి నెమ్మదిగా, మళ్ళీ మర్యాద, తర్వాత చెబుతా, ముందు నువ్వు విను, తలుపు లేకుండా విను.

కూర్చున్నాడు, కుర్చీ టక్కుమంది, పొట్టి కాలు ఇంకా పొట్టిగానే ఉంది, హమ్మయ్య, రంగులు వేయించినా కుర్చీ బాగుచేయించలేదు అల్లుడు, ఆమె మొదలుపెట్టింది, తన శ్రుతిలో, తన నడకలో, మొదటి వరస వణికింది, రెండోది నిలబడింది, మూలన ఎవరో తమ ఫోనులో తమ పాట వింటున్నారు, విననీ, దీపాలు కళ్ళలో పొడుస్తున్నాయి, పొడవనీ, అతని రెండు చేతులూ మెల్లగా మోకాళ్ళ మీదకి చేరాయి, అదిగో, నోరు కొద్దిగా తెరుచుకుంది, అదే నోరు, ఒక్క మేకున రెండు తాళంచెవులు, ఏది నీదో, ఏది నాదో, ఇక తలుపుకేం తెలుసు దగ్గర కిందకి దిగాలి, దిగబోతుంటే అతని గడ్డం పైకి లేచింది, కనుబొమలు లేచాయి, పెదవులు చప్పుడు లేకుండా ఆ మాటని పైకి తీసుకుపోతున్నాయి, ఎంత నమ్మకంగా, అది అడుగుతున్న మాట కదా, అడిగేటప్పుడు ఎవరైనా గొంతు దించుతారా, ఇన్నాళ్ళూ తను జవాబు తెలిసినదానిలా దించేసింది, అతను తలుపు బయట నిలబడి నిజంగా అడిగాడు, ఆమె కూడా ఎక్కింది, పైకి, ఇంకా పైకి, అక్కడ ఆపి గాల్లో వేలాడదీసింది, వేలాడుతున్నంతసేపూ గదిలో ఎవరూ కదలలేదు, లేదా కదిలారేమో ఆమె చూడలేదు, అతని మొహం మాత్రం చూసింది, ఆ మొహానికి ఏ వీడియో చాలదు, నిమిషంన్నర దాటిందని ఎర్రదీపం వెలిగి ఆరి వెలిగి ఆరి పాపం దాని పని అది చేసుకుపోయింది, ఆమె పని ఆమె చేసుకుపోయింది, చివరి మాట దాకా.

చప్పట్లు కొన్ని, గొప్పగా ఏం కాదు, అల్లుడు టైము దాటేశావక్కా అని వేలు చూపించి, ఆ వేలితోనే బాగుందని చూపించాడు, దిగి వస్తుంటే అతను లేచి, పైకే పాడావు, నా లాగే పాడావు, చూశావా, అన్నాడు, నువ్వు అన్నాడు, మిగతా అంతా తప్పే, ఇంటికెళ్ళాక తిడతా, మీ అక్కకి రాత్రి నేనే ఫోనులో పాడతానని చెప్పు, అంది, మరి పోదామా, అని తాళంచెవి తీశాడు, ఆమెకీ పోవాలనే ఉంది, రెండేసి మెట్లు దూకుతూ, కానీ మైకు ముందు అప్పటికే ఒక కాలేజీ పిల్ల నిలబడి ఉంది, మొదటిసారి కాబోలు, గిటారు పట్టీని పిడికిట్లో నలిపేస్తోంది, అక్కా, అక్కడ నా ఫోను పెట్టుకోవాలి, కాస్త తప్పుకుంటారా, ఇలా ఇవ్వమ్మా, స్టాండెందుకు, నేను పట్టుకుంటా, అని ఆమె వెళ్ళి ముందు కుర్చీలో కూర్చుంది, కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది, ఫోనుని రెండు చేతులతో గడ్డం కింద నిలబెట్టి పట్టుకుంది, ఆ పిల్ల ముందు ఫోనునే చూసింది, మొదటి వరస ఫోనుకే పాడింది, గొంతు అదిరింది, ఆగబోయింది, చూపు ఒక్క బెత్తెడు పైకి జరిగింది, ఆగింది, అక్షరాల బోర్డు మీద మసకగా వెతుకుతున్న కన్ను ఒక్కసారి అక్షరాన్ని పట్టుకున్నప్పుడు ఎలా నిలబడుతుందో ఆమెకి రోజూ చూసే పనే, అలా నిలబడింది, ఇక పరవాలేదు, పాడుతుంది, వెనక మెట్ల దగ్గర అతను తాళంచెవి వేలికి తిప్పుతూ ఎదురుచూస్తున్నాడు, చూడనీ, వచ్చే ఆదివారం కూడా ఇక్కడికి రావాలి, ఆ తర్వాతి ఆదివారం కూడా, పాడే వంతు దొరికినా దొరక్కపోయినా, ఈ కుర్చీలో కూర్చోవడానికి రావాలి.